ఊపిరితిత్తులలోని ఇంటిదొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడని మన పెద్దలు చెప్పిన మాట సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధియందు అక్షరాల నిజమగుచున్నది. ఈ వ్యాధితో పుట్టి, పెరిగి, పెద్దవారైన వారి ఊపిరితిత్తులలో బాక్టీరియా కొలువుండుట క్రొత్త సంగతి కాదు. పెక్కుమంది విషయమున అది యున్నదా లేదా యను ప్రశ్నయే పుట్టదు. రోగి నేడు ఆయాసపడుటకు కారణము ఆ బాక్టీరియాయా, మరియొకటియా? ఇచ్చిన మందు దానిని అణచినదా, లేదా? మరల అది యెన్నడు విజృంభింపనున్నది? ఈ మూడు ప్రశ్నలకును వైద్యునియొద్ద నమ్మదగిన సమాధానము లేదు. ఉన్నదెల్ల అనుభవము, ఊహ, గొట్టములో ఊదించి చూచు పరీక్ష, రోగి చెప్పుకొను మాట. రక్తపుబొట్టులోనో, ఊపిరిలోనో, మూత్రములోనో ఈ దొంగ యానవాలు పట్టవలెనని శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా పాటుపడుచున్నారు. అట్టి యానవాలునకే బయోమార్కరు అని పేరు. జీవసూచిక యని మనము పిలుచుకొనవచ్చును. ఈ పని పరిశోధనశాలలలోని వేడుకగా మిగిలిపోరాదనియు, రోగి మంచము ప్రక్కకు రావలసిన కాలము సమీపించినదనియు, అందును బీదదేశములకే దీని యక్కర హెచ్చనియు మా యభిప్రాయము.

మొదట వ్యాధి సంగతి. మన శరీరమున చెమటగ్రంథులలోను, ఊపిరినాళములలోను, జీర్ణావయవములలోను ఉప్పునీటి రాకపోకలను సరిదిద్దు ప్రోటీను ఒకటి కలదు. సి.ఎఫ్.టి.ఆర్. అని దానిని పిలుచుదురు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు జన్యువులును చెడినవే సంక్రమించినచో ఆ ప్రోటీను తన పని చేయజాలదు. ఊపిరినాళముల లోగోడపై నుండవలసిన పలుచని తడి యింకిపోవును. కఫము బంకయై కదలక నిలుచును. నిలిచిన నీట పురుగు చేరినట్లు నిలిచిన కఫమున సూక్ష్మజీవులు చేరును. న్యూయార్కునందు డొరతీ ఆండర్సన్ అను వైద్యురాలు 1938లో ఈ వ్యాధిని వేరుగా గుర్తించి వర్ణించెను. ఆ కాలమున ఇది శిశువుల వ్యాధి. దీనితో పుట్టిన బిడ్డలలో పెక్కుమంది బడియీడు రాకముందే గతించెడివారు. నేడట్లు కాదు. అమెరికా, బ్రిటన్ వంటి దేశములలో ఈ వ్యాధిగలవారిలో సగమునకు మించి పెద్దవారే. వారు ఉద్యోగములు చేయుచున్నారు. వివాహములాడి బిడ్డలను కనుచున్నారు. వైద్యశాస్త్రమునకు ఇంతకంటె గర్వకారణమగు విషయములు కొన్నియే యుండును. అయినను శిశురోగమును చూచుటకై యేర్పడిన కన్ను పెద్దవారి రోగమును చూచుటకు చాలకున్నది.

ఏమనగా, శిశువుల ఊపిరితిత్తులలో బాక్టీరియా కనబడినచో అది క్రొత్తగా వచ్చిన శత్రువు. దానిని వెంటనే తరిమికొట్టవచ్చును. బాల్యమున తరచుగా కనబడునవి స్టాఫిలోకాకస్ ఆరియస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అను రెండు. వయస్సు వచ్చుకొలది సూడోమొనాస్ ఎరుజినోసా యనునది వచ్చి చేరును. మట్టిలో, నీటిలో, కుళాయిల తడిలో అంతటను ఉండు జీవి యిది. ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులలో నిలదొక్కుకొనుట అరుదు. ఈ రోగులలోనైతే అది కాలు మోపి, రూపు మార్చి, తనచుట్టు జిగురుకోట కట్టుకొని కాపురముండును. ఆ కోటలోనికి మందులు చొరవు. రక్తములోని తెల్లకణములు చొచ్చినను దానిని చంపలేక తామే చచ్చి, తమలోని తీక్ష్ణరసములను చిమ్మి, పరుల కోటను వదలి సొంత గోడలను కరిగించును. ఊపిరితిత్తి చెడుట బాక్టీరియాచేత కొంత, దానిని పట్టబోయిన మన కావలివారిచేత కొంత. బర్కోల్డేరియా సెపేషియా యను మరియొక తెగ కథ వింతయైనది. 1950లో వాల్టర్ బర్కోల్డర్ అను అమెరికా దేశపు వృక్షరోగ శాస్త్రజ్ఞుడు దీనిని ఉల్లిగడ్డలను కుళ్ళబెట్టు జీవిగా వర్ణించి ప్రకటించెను. లాటిను భాషలో ఉల్లికిగల పేరునుండియే సెపేషియా యను మాట పుట్టినది. ఉల్లిని కుళ్ళబెట్టు జీవి మనుష్యుల ఊపిరితిత్తులను పాడుచేయగలదని వైద్యలోకము గ్రహించుటకు కొన్ని దశాబ్దములు పట్టెను.

ఇట్టి స్థితిలో పెద్దవాడగు రోగి ఒకనాడు వైద్యుని కడకు వచ్చి "దగ్గు హెచ్చినది, ఆకలి లేదు, మెట్లెక్కలేకున్నాను" అని చెప్పును. వైద్యుడు కఫము తీసి పరీక్షకు పంపును. సూడోమొనాస్ ఉన్నదని జవాబు వచ్చును. నిరుడును ఉన్నది, రోగి సుఖముగా నున్న నెలలోను ఉన్నది. ఈ జవాబు వలన వైద్యుడు తెలిసికొనినది యేమి? ఏ మందునకు లొంగునో పరీక్షించి వ్రాసి పంపిన చీటి సహితము దీర్ఘకాల రోగులలో మందు ఫలితమును సరిగా ముందు చెప్పజాలకున్నదని అనుభవజ్ఞులు చెప్పుచున్నారు. వైరసువలన వచ్చిన జలుబు కావచ్చును. కఫము అడ్డుపడి యుండవచ్చును. మధుమేహము తోడై యుండవచ్చును. వ్యాధి ఉద్రేకించినదని చెప్పుటకే ప్రపంచమంతయు నొప్పుకొనిన నిర్వచనము లేదన్నచో పాఠకులు ఆశ్చర్యపడుదురేమో. 1994లో ఒక క్రొత్త మందును పరీక్షించుటకై ఫుక్స్ అను వైద్యుడును ఆయన సహచరులును పండ్రెండు లక్షణముల పట్టిక నొకదానిని ప్రకటించిరి. వానిలో నాలుగు కనబడి, సూది మందు ఇయ్యవలసి వచ్చినచో ఉద్రేకమని లెక్క. పరిశోధకులు నేటికిని ఆ పట్టికను, దాని మార్పుకూర్పులను వాడుచున్నారు. దగ్గు, ఆయాసము, జ్వరము, ఆకలి తగ్గుట, బరువు తగ్గుట. మన గ్రామవైద్యుడు నాడి పట్టి చూచి అడుగు ప్రశ్నలకును వీనికిని దూర మెంత?

ఇందుమీద పణముగా నున్నది యేమో చూడుడు. ఉద్రేకమునకు సూది మందులిచ్చి చికిత్స చేసిన వారిలో ఇంచుమించు నలుగురికొకరు తమ పూర్వపు ఊపిరిబలమును తిరిగి పొందజాలకున్నారని అమెరికా దేశపు రోగుల పట్టీనుండి లెక్కించి 2010లో ప్రకటించిరి. పోయిన బలము పోయినదే. అందుచేత జాగు చేయుట ప్రమాదము. అట్లని అనుమానము వచ్చినపుడెల్ల మందు గ్రుచ్చుటయు క్షేమము కాదు. సూడోమొనాస్‌పై వాడు టోబ్రామైసిన్ వంటి మందులు చెవులను, మూత్రపిండములను చెరచును. ఏటేట రెండు మూడు మారులు ఈ మందులు పొందిన యువతీయువకులు ముప్పది యేండ్లకే వినికిడి పోగొట్టుకొనుట వైద్యులెరుగని విషయము కాదు. ఊపిరి నిలుపుకొనుటకై చెవిని అమ్ముకొనుచున్నారు. ఆ బేరమైనను కన్నులు తెరచి చేయుచున్నారా యన్నచో, లేదు, చీకటిలోనే చేయుచున్నారు.

మందు ఎన్నిదినము లియ్యవలెనను విషయమున మాత్రము కొంత వెలుగు ప్రసరించినది. అమెరికాలో 982 మంది పెద్దలమీద జరిపిన ఒక పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. మొదటి వారము పది దినములలో చక్కగా కోలుకొన్న వారికి పది దినముల మందు పదునాలుగు దినములతో సమానముగా పని చేసెను. అంతగా కోలుకొనని వారికి ఇరువదియొక్క దినము లిచ్చినను పదునాలుగు దినములకంటె మేలు కలుగలేదు. ఎంతమంది చేతులకు ఎన్నివేల సూదిపోటులు ఈ ఒక్క పరిశోధన తప్పించినదో! అయితే ఈ పరిశోధనలో కోలుకొనిన వారిని, కోలుకొనని వారిని వేరుచేసినది ఊపిరి కొలతయు, రోగులు చెప్పిన లక్షణములును. వారము గడచిన పిమ్మటగాని ఆ తీర్పు రాలేదు. మొదటిదినముననో మూడవదినముననో చెప్పగల ఆనవాలు ఉన్నచో నెంత బాగుండెడిదో!

ఇంతవరకు కఫమైనను ఉండెడిది. ఇపుడు అదియు కరవైనది. 2019 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ అను మూటి మేళవింపును అనుమతించెను. చెడిన ప్రోటీనును సరిచేసి పని చేయించు మందు ఇది. మందు మ్రింగిన కొలదిదినములకే ఏండ్లతరబడి పీడించిన దగ్గు పోయి, కఫము కరగి, నిదుర పట్టినదని రోగులు చెప్పిన మాటలు వినువారి కన్నులు చెమర్చును. మేము ఈ మందును తక్కువ చేయబోము. అయితే దీనివలన ఒక విచిత్రము సంభవించినది. దగ్గుట లేదు గనుక కఫము రాదు; కఫము రాదు గనుక పరీక్ష లేదు; పరీక్ష లేదు గనుక బాక్టీరియా లేదనుకొను ప్రమాదము కలదు. 2023లో ప్రకటితమైన అమెరికా పరిశోధన ఈ భ్రమను తొలగించినది. మందు ఆరంభించిన పిదప కఫములోని సూక్ష్మజీవుల సంఖ్య వేగముగా పడిపోయెను గాని, పెక్కుమందిలో ఆ జీవులు సమూలముగా పోలేదు. దొంగ యింటిలోనే యున్నాడు. కుక్క మొరుగుట మానినది. గొంతులో దూది పుల్ల త్రిప్పి చూచుట నమ్మరాని పరీక్ష. ఊపిరితిత్తులలోనికి గొట్టము దింపి కడిగి చూచుట నమ్మదగినదే గాని, సుఖముగా తిరుగువానిని మూడు నెలలకొకసారి అట్లు చేయుట యెవరి తరము? సాక్షి మరియొకచోట దొరకవలసియున్నది.

శరీరములో ఒకచోటనున్న వ్యాధిని మరియొకచోట కొలిచి కనుగొనుట ఈ వ్యాధి చరిత్రకు క్రొత్తది కాదు. ముద్దాడినపుడు నుదురు ఉప్పగా నుండు బిడ్డ బ్రతుకదని ఐరోపా పల్లెలలో పూర్వమొక నమ్మకము ఉండెడిది. దానిని ముసలమ్మల మాట యని త్రోసివేసిరి. 1948 వేసవిలో న్యూయార్కు నగరమున వడగాలులు వీచినపుడు వడదెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన శిశువులలో ఈ వ్యాధిగల వారు పెక్కుమంది యుండుట పాల్ డి సాంటాగ్నీస్ అను వైద్యుడు గమనించెను. ఎందుకని వెదకగా వారి చెమటలో ఉప్పు మితిమీరి యున్నట్లు తేలెను. ఆ సంగతి 1953లో లోకమునకు తెలిసినది. 1959లో గిబ్సన్, కుక్ అనువారు చర్మమునకు మందు పట్టించి చిన్న విద్యుత్ప్రవాహముతో చెమట పుట్టించి కొలుచు విధానమును కనిపెట్టిరి. జన్యువును 1989లో కనుగొనిన తరువాతను నిర్ధారణకు ఆ చెమట పరీక్షయే ఆధారము. సూచిక యనిన అట్లుండవలెను. చౌకయైనది, నొప్పి లేనిది, ఏ దేశమున చేసినను ఒక్కటే చెప్పునది.

సూచికలన్నియు అట్టివి కావు. హెచ్చరికగా ఒక కథ చెప్పవలసియున్నది. ఈ వ్యాధిగలవారి రక్తరసములో ఒక ప్రత్యేకమైన ప్రోటీను హెచ్చుగా కనబడుచున్నదని 1970లలో గమనించిరి. దానికి సిస్టిక్ ఫైబ్రోసిస్ యాంటిజెన్ అని పేరే పెట్టిరి. వ్యాధికి మూలము చేత చిక్కినదని ఆశలు మిన్నుముట్టెను. 1987లో దాని జన్యువును వేరుచేయగా అది యొకటవ క్రోమోజోముపై నుండెను. వ్యాధి జన్యువో, ఏడవ క్రోమోజోముపై నున్నదని 1985లోనే తేలియుండెను. దొంగ అనుకొని పట్టినవాడు దొంగతనము జరిగినచోట గుమికూడిన జనములో నొకడు! న్యూట్రోఫిల్ అను తెల్లకణములలో నిండియుండు ఆ ప్రోటీను వాపు ఎక్కడ కలిగినను పొంగును. నేడు దానిని కాల్‌ప్రొటెక్టిన్ అనుచున్నారు. ప్రేవుల వాపును కనుగొనుటకై మలపరీక్షలో లోకమంతట వాడుచున్నారు. ఏ రోగమున మొదట గుర్తింపబడినదో ఆ రోగుల ఊపిరితిత్తులకు మాత్రము ఇంకను నిత్యవాడుకలోనికి రాలేదు. ఉద్రేక సమయమున రక్తములోను, కఫములోను అది పెరుగుననియు, చికిత్సతో తగ్గుననియు చూపిన పరిశోధనలు లేకపోలేదు.

సి-రియాక్టివ్ ప్రోటీను చరిత్ర ఇంకను పాతది. 1930లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల రక్తరసములో దీనిని కనుగొనిరి. జ్వరము విడిచి రోగి కోలుకొనగనే అది మాయమగుటయు వారే చూచిరి. కాలేయము దీనిని తయారుచేయును. కొలది గంటలలో పెరుగును. కారణము తొలగినచో ఒకటి రెండు దినములలో దిగజొచ్చును. చిన్నపట్టణపు లాబరేటరీలో సహితము దొరకు పరీక్ష యిది. అయినను కీళ్ళవాపునకును, వైరసు జ్వరమునకును, పంటిపోటునకును ఒకే తీరున పలుకును. పొగ యున్నదని చెప్పునే గాని ఏ యిల్లు అంటుకొన్నదో చెప్పలేదు. ప్రోకాల్సిటోనిన్ అను మరియొకటి రక్తమునకెక్కిన బాక్టీరియాను చక్కగా పట్టును. ఈ రోగులలోనో బాక్టీరియా ఊపిరినాళములను వీడి రక్తములోనికి వచ్చుట అరుదు గనుక, వైద్యుడు పిలిచినపుడు అది తరచుగా మౌనము వహించును. తెల్లకణములు చిమ్ము ఎలాస్టేజ్ అను రసము నిజముగా గోడలను కరిగించునదే. ఆస్ట్రేలియాలో 2013లో ప్రకటించిన పరిశోధనలో మూడు నెలల శిశువుల ఊపిరితిత్తులలో అది స్వేచ్ఛగా కనబడినచో మూడేండ్లకు నాళములు చెడుట హెచ్చుగా నుండెను. దానిని కొలుచుటకు మరల కఫమే కావలెను. కథ మొదటికి వచ్చినది.

పైన చెప్పినవన్నియు మన శరీరము పెట్టు కేకలు. కేక విని దొంగ యెవడో చెప్పుట కష్టము. దొంగ తానే విడిచిపోవు గురుతు దొరికినచో? కోపెన్‌హాగెన్‌లో నీల్స్ హోయ్‌బీ మొదలగు వైద్యులు సూడోమొనాస్‌నకు విరోధముగా రక్తములో పుట్టు యాంటీబాడీలను 1970లనుండి లెక్కించి, అవి హెచ్చినవారిలో బాక్టీరియా స్థిరపడినదని గ్రహించు పద్ధతిని నెలకొల్పిరి. మంచి పద్ధతియే. అయితే యాంటీబాడీ పాత పగను సహితము మరువదు. నేటి పోరాటము నేటిదో నిన్నటిదో చెప్పుటకు చాలదు. సూడోమొనాస్ హైడ్రోజన్ సయనైడును వెలువరించును. ఆ విషవాయువు లేశమాత్రము రోగి ఊపిరిలో కనబడుననుట ఇంగ్లాండులో పిల్లలపై పరిశోధించి చూపిరి. పరిశోధనశాలలో ఈ బాక్టీరియా పెరిగిన పళ్ళెము మూత తీసినచో ద్రాక్షపండ్ల వాసన వచ్చునని ఏ వైద్యవిద్యార్థి నడిగినను చెప్పును. శిక్షణ పొందిన కుక్కలు ఆ వాసనను మిగిలిన బాక్టీరియా నడుమ పసికట్టగలవని చూపిన పరీక్షలు 2019లో వెలువడినవి. కుక్కలు ఆసుపత్రులలో తిరుగవలెనని మేమనుట లేదు. కుక్కముక్కు పట్టినదానిని యంత్రము పట్టలేదా యని మా ప్రశ్న. అన్నిటికంటె మా మనస్సునకు ఆశ గొలుపునది నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయము వారి మార్గము. సూడోమొనాస్ జీవులు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకు ఆల్కిల్ క్వినోలోన్లు అను పదార్థములను వాడుకొనును. సంఖ్య హెచ్చినదని తెలిసికొని ఒక్కుమ్మడిగా దాడి వెడలుటకు అవి సంకేతములు. ఆ సంకేతములు రోగి కఫములోనేగాక రక్తములోను మూత్రములోను దొరకుననియు, రోగి స్థితిగతులతో వానికి సంబంధము కలదనియు 2015లో ప్రకటించిరి. దొంగలు వేసికొను ఈలనే వినగలిగినచో తలుపు తట్టి చూడనక్కరలేదు గదా! అయినను అది యింకను నిత్యవైద్యమునకు అందిన పనిముట్టు కాలేదు.

మరి ఇన్ని దశాబ్దముల పరిశోధన యుండియు ఫలితమేల ఇంత స్వల్పము? శాస్త్రజ్ఞుల తెలివితేటలకు కొరత లేదు. మా దృష్టిలో కొరత ప్రశ్న నడుగుటయందున్నది. ముప్పదిమంది రోగులను, ముప్పదిమంది ఆరోగ్యవంతులను చేర్చి, ఈ పదార్థము వీరిలో హెచ్చు, వారిలో తక్కువ అని చూపిన వ్యాసములు కోకొల్లలు. రోగికి రోగమున్నదని ఎవరికి తెలియదు? వైద్యుడు చేయబోవు పనిని ఆ సంఖ్య మార్చునా, మార్చినపుడు రోగికి మేలు కలుగునా యని పరీక్షించిన పరిశోధనలు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. సూచికను కనుగొనినవానికి పేరు వచ్చును. దానిని వేయిమందిపై ఏండ్లతరబడి సరిచూచినవానికి ఏమి వచ్చును? క్రొత్త మందునకు కోట్లు కుమ్మరించు కంపెనీ, మందు వాడకమును తగ్గింపగల చౌక పరీక్షకు డబ్బిచ్చునని ఆశించుట అమాయకత్వము. ఈ పని ప్రజాధనముతో, విశ్వవిద్యాలయములలో, అందరికిని తెరచిన పద్దులతో జరుగవలసిన పని.

మరియొక మాట. ఒక్క సంఖ్యతో అందరిని కొలుచుట మానవలెను. ఒక రోగికి సుఖముగా నున్న దినమునందును సి-రియాక్టివ్ ప్రోటీను కొంత హెచ్చుగనే యుండును; మరియొకనికి ఉద్రేకమునందును తక్కువగనే యుండును. ఎవరి సుఖదినపు లెక్క వారికి ముందుగా వ్రాసి యుంచినచో, దానినుండి కలిగిన మార్పు వైద్యునికి ఉపకరించును. కావున రోగి బాగుగా నున్ననాడే రక్తము తీసి కొలిచి పెట్టుట ప్రతి చికిత్సాలయమునందును ఆచారము కావలెను. దీనికి క్రొత్త శాస్త్రము అక్కరలేదు, పట్టుదల చాలును. ఇంటియొద్దనే వ్రేలు గ్రుచ్చి తీసిన బొట్టునో, సీసాలో పట్టిన మూత్రమునో పంపినచో చాలునను పరీక్ష సాధ్యమైననాడు నూరు మైళ్ళ దూరముననున్న రోగికి నెల కొక దినపు కూలి మిగులును.

"క్రొత్త మందు వచ్చినది గదా, ఇక బాక్టీరియా చింత యేల?" అని కొందరు అడుగుచున్నారు. ఆ మందుచే సరిపడని జన్యుదోషము గలవారు కలరు. ఇదివరకే గోడలు చెడి బాక్టీరియా స్థిరపడిన పెద్దలు కలరు. అన్నిటికి మించి, ఆ మందు కొనలేనివారు కలరు. 2019లో అమెరికాలో దానికి ప్రకటించిన ధర సంవత్సరమునకు 3 లక్షల డాలర్లకు పైచిలుకు. ఇది యొక జమీందారుకైనను భారమే.

ఇచట మన దేశము ప్రస్తావన తప్పదు. ఈ వ్యాధి తెల్లవారిదనియు, భారతీయులకు రాదనియు చిరకాలము మన వైద్యులు నమ్మిరి. వారి పుస్తకములు అట్లే చెప్పినవి. 1968లో మన దేశపు రోగిని గురించి వైద్యపత్రికలో వెలువడినది. తరువాత ఢిల్లీలోని ఎయిమ్స్, వేలూరులోని క్రైస్తవ వైద్యకళాశాల మున్నగుచోట్ల వెదకినకొలది రోగులు కనబడిరి. ఢిల్లీ వైద్యులు విదేశపు యంత్రముకొరకు కాచుకొని కూర్చుండక చెమట సేకరించు సాధనమును దేశీయముగా తయారుచేసికొనిరి. ఈ పని యెంత ప్రశంసింపదగినదో అంతగా ప్రశంసింపబడలేదు. న్యూయార్కులో 1948లో ఒక్క వేసవి చూపిన దృశ్యమును మన వేసవులు ఏటేట చూపుచునే యున్నవి: ఉప్పు చెమటగా కారిపోయి నీరసించి ఆసుపత్రికి వచ్చు శిశువులలో ఈ వ్యాధి బయటపడిన సందర్భములు మన వైద్యపత్రికలలో పెక్కు కలవు. ఐరోపావారిలో చెడిన జన్యువులలో డెబ్బదిపాళ్ళు ఎఫ్508డెల్ అను ఒక్క దోషమే. మనవారిలో ఆ పాలు తక్కువ. తక్కిన దోషములు పలువిధములు. కనుక అక్కడి రోగులకొరకు కుట్టిన చొక్కా మనవారి కందరికిని సరిపోదు. అక్కడ నిర్ణయించిన సూచికల కొలతలను మనవారిపై సరిచూడక దిగుమతి చేసికొనుటయు అట్టిదే.

మన పెద్దవారి సంగతి మరింత దైన్యము. చిన్ననాట వ్యాధి గుర్తింపబడక, ఏటేట దగ్గుతో, క్షీణించు దేహముతో, క్షయకు మందులు ఒకటి రెండు మారులు మ్రింగి, కఫములో క్షయక్రిమి కనబడకున్నను మరల అదే మందు మ్రింగిన యువకుని కథ మన ఛాతీవైద్యులు ఎరుగనిది కాదు. అట్టివాని కఫములో సూడోమొనాస్ కనబడినచో, అది యెందుకు వచ్చినదని అడిగినవారెవరు? క్షయ యింతగా నున్న దేశమున దగ్గువానిని క్షయరోగి యనుకొనుట సహజమే. రెండవమారును అనుకొనుట మాత్రము సహజమని మేము ఒప్పుకొనము. సూడోమొనాస్ దొరికిన ప్రతి యువతికి, యువకునికి చెమట పరీక్ష చేయుట మన జిల్లా ఆసుపత్రులలో నియమము కావలెను. ఊపిరిలో సయనైడును కొలుచు యంత్రము తెప్పించుటకు ముందుగా ఈ పాతపనిని పూర్తిచేయవలెను.

భారత ప్రభుత్వము 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానమున సిస్టిక్ ఫైబ్రోసిస్ పేరు చేర్చినది. 2022లో ఒక్కొక్క రోగికి సాయమును 50 లక్షల రూపాయల వరకు పెంచినది. పైన చెప్పిన అమెరికా ధరకు ఆ మొత్తము ఒక సంవత్సరమునకైనను చాలదు. మా కోరిక యింతకంటె చిన్నది. ఆ విధానము క్రింద హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమును, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థను కలిపి విశిష్ట కేంద్రముగా ఎంచినారు. జన్యువును చదువగల సంస్థ, రోగిని చూడగల ఆసుపత్రి ఒక్క నగరమున చేతులు కలిపిన చోట్లు మన దేశమున ఎన్ని కలవు? తెలుగుదేశపు రెండు రాష్ట్రములలోను ఈ వ్యాధిగల పెద్దల పట్టీ నొకటి తయారుచేసి, వారు సుఖముగా నున్న దినమున తీసిన రక్తమును, ఉద్రేకించిన దినమున తీసిన రక్తమును, మందు ముగిసిన దినమున తీసిన రక్తమును, ప్రతిదాని ప్రక్కను కఫపరీక్ష ఫలితమును చేర్చి శీతలపేటికలలో భద్రపరచుటకు కావలసినది కోట్లు కాదు. ఇంగ్లాండులోనో డెన్మార్కులోనో రేపు క్రొత్త సూచిక యొకటి వెలువడినచో, అది మనవారియందు నిజము పలుకునో లేదో ఆ పేటికలు తెరచి నెల దినములలో తేల్చుకొనవచ్చును. నేడు తీయని రక్తమును రేపు తీయుటకు వీలులేదు.